రాయి అవతలి వరి

మిల్లు చొక్కా కాలర్‌కు సబ్బు పెట్టి రుద్దుతున్నాను. పొద్దుటి షిఫ్టు దిగి వచ్చిన జగదీష్ వసారాలో కూర్చుని అన్నం తింటున్నాడు. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతోనే ఆ మాటా చెప్పాడు.

"రేపు చెరువు తూము పూరా తీస్తరట. నన్నడిగిన్రు. సరే అన్న."

నాకు మొదట అర్థం కాలేదు. ఏ చెరువు అని అడగబోయాను కూడా. మా తండాకూ పక్క ఊరికీ కలిపి ఉన్నది ఒకటే చెరువు, నల్లచెరువు. దానికి ఉన్నది ఒకటే తూము. ఆ చెరువును బాగుచేసి, వదిలిపోయిన పక్షులను మళ్లీ రప్పించే ప్రాజెక్టుకు రెండేళ్లుగా కోఆర్డినేటర్‌ని నేను. సారపాక మిల్లులో షిఫ్టులు చేసుకునే మా ఆయనను తూము గురించి అడగడమేమిటి, ఆయన సరే అనడమేమిటి? మిల్లులో ఏ మిషను ఆపాలో ఎవరైనా వచ్చి నన్ను అడిగితే, సరే ఆపండి అని నేను చెప్తానా?

"నిన్నెందుకు అడిగిన్రు?" అన్నాను.

"మరెవర్నడుగుతరు?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆ ఆశ్చర్యం చూసి ఒళ్లు మండిపోయింది. వెటకారంగా అని ఉంటే నేనూ ఒక మాట అనేదాన్ని. ఆయనకు తప్పు చేస్తున్నానన్న అనుమానం కూడా లేదు. నా చెరువు గురించి నిర్ణయం తీసుకుని, నాకు చెప్పి పుణ్యం కట్టుకున్నాడు. మజ్జిగ పోయమని గ్లాసు ముందుకు జరిపాడు. మా అత్త ద్వాలి లోపలి నుంచి, "సబ్బు నురగ చేతులతోని ఎట్ల పోస్తది, ఆగు" అంటూ తానే వచ్చి పోసింది. మా ఇంట్లో మాటలు లంబాడీలోనే నడుస్తాయి, నేను తెలుగులో చెప్తున్నాను.

తూము పూర్తిగా తీస్తే ఏమవుతుందో జగదీష్‌కు తెలియక కాదు. చెరువు లోపల, అడవి వైపు, నీళ్లలో తుమ్మచెట్లు నిలబడి ఉంటాయి. వాటి మీద ఈ ఏడు పెద్ద కొంగలు గూళ్లు కట్టాయి. నారింజ ముఖం, వంగిన పొడుగు ముక్కు, రెక్కల చివర గులాబీ రంగు. నా చిన్నప్పుడు వచ్చేవట, తర్వాత రావడం మానేశాయి. చెరువంతా గుర్రపుడెక్క కమ్మేసింది, తూము కారి మాఘమాసానికే నీళ్లు అయిపోయేవి. గుర్రపుడెక్క తీయించాను. తుంగ ఎక్కడ ఉంచాలో, ఎక్కడ తీయాలో నడుము లోతు నీళ్లలో దిగి చూపించాను. కారే తూముకు కొత్త షట్టరు పెట్టించాను. చెట్ల కింద మోకాలి లోతు నీళ్లున్నంత కాలం కోతులు రావు, నక్కలు రావు, పిల్లలు గూట్లో భయం లేకుండా పెరుగుతాయి. నీళ్లు దిగిపోతే తల్లీతండ్రీ పక్షులు కూడా గూళ్లు వదిలి వెళ్లిపోతాయి. పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు. రేపు తూము పూర్తిగా తీస్తే అవి గూళ్లలోనే ఆకలితో చస్తాయి.

అందుకే రెండేళ్ల కింద రైతులతో ఒప్పందం చేశాను. కట్ట, తూము నేను పనిచేసే సంస్థ బాగుచేయిస్తుంది. దానికి బదులు యాసంగిలో వరి కాలువ పక్కన సున్నం కొట్టిన రాయి దాకానే వేయాలి. రాయి అవతల పెసరో మొక్కజొన్నో వేసుకోవాలి. తూము గోడ మీద ఎర్రగుర్తు గీయించాను. నీళ్లు ఆ గుర్తుకు దిగగానే షట్టరు మూసేయాలి. దాని కోసం ఎన్ని మీటింగులు, ఎంత బతిమాలుకోవడం! సగం మీటింగులు నేను మా ఇంట్లో వండిపెట్టి, గిన్నెలు కడిగి, పరుగెత్తుకుంటూ వెళ్లి మొదలుపెట్టినవే.

ఈ ఏడు ఆ రాయి దాటి మొట్టమొదట వరి వేసింది మా ఇల్లే. నేను ట్రైనింగ్‌కు తమిళనాడు వెళ్లిన వారం చూసి, జగదీష్ కూలీలను పిలిచి నాట్లు వేయించాడు. తిరిగొచ్చి బస్సు దిగుతూనే చూశాను. ఇదేమిటని అడిగితే, "రెండెకరాలే గద, ఎవరికి కనపడ్తది" అన్నాడు. రెండెకరాల పచ్చటి వరి రోడ్డు పక్కన ఎవరికీ కనపడదట! పీకేయమన్నాను. ఇంటి మనిషివై ఉండి ఆ మాత్రం చూసుకోవా అన్నాడు. మా పక్క పొలం వెంకమ్మది. ఆమె మా పొలం చూసి తన ఎకరంలోనూ నారు పోసింది. వద్దు, తడి అందదు అని ఇంటికి వెళ్లి మరీ చెప్పాను. ఆమె నవ్వి ఊరుకుంది. మేడం పైకి అట్లాగే చెప్తుంది, అసలు సంగతి మొగుడు చెప్తాడు అనుకుంది. జగదీష్ ఆమెతో అప్పటికే చెప్పేశాడు, మా ఇంట్లనే మేడం ఉన్నది, నీకేం ఫికరు అని.

నేను మేడం అనే సంగతి మా ఆయనకు ఇలాంటప్పుడే గుర్తొస్తుంది. మిగతా రోజుల్లో నాది ఉద్యోగం కాదు, సోకు. పొద్దున దుర్భిణీ మెడలో వేసుకుంటే, "నీ కొంగలకు ఆదివారం లేదా" అంటాడు. బురద చీర విప్పి బకెట్లో వేస్తే మా అత్త ముక్కు మూసుకుని, ఇంటి బట్టలతో కలపకు అంటుంది. అదే బురద పొలం నుంచి వస్తే ఎవరికీ వాసన రాదు. కొంగల్లో ఆడా మగా వంతులు వేసుకుని గూట్లో కూర్చుంటాయని, ఒకటి పిల్లలను కాస్తే ఇంకొకటి మేత తెస్తుందని ఒకసారి సంబరంగా చెప్పాను. "అయితే కొంగనే చేసుకోవాల్సింది" అన్నాడు. ఆ రోజు నేనూ నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రావడం లేదు.

తూముకు షట్టరు పెట్టిన రోజు ఫంక్షన్ చేశారు. ఖమ్మం నుంచి మా డైరెక్టర్ కుమారస్వామి సారు, ఆయనతో ఎవరో పెద్దలు వచ్చారు. వాళ్లకు ఉప్మా, మిర్చి బజ్జీలు చేసింది నేను. చీర కట్టుకుని, పువ్వుల పళ్లెం పట్టుకుని కట్ట మొదట్లో నిలబడమన్నారు, నిలబడ్డాను. వచ్చినవాళ్లలో ఒకాయన పువ్వు తీసుకుంటూ నా వెనకున్న డ్రైవర్ వైపు చూసి, కోఆర్డినేటర్ మీరేనా అన్నాడు. సరే, అది కూడా మింగాను. చివర్లో శాలువా కప్పారు. జగదీష్‌కు. భార్యను ఇంత ప్రోత్సహిస్తున్న భర్తగా. ఆ రోజు ఆయన చేసిన ప్రోత్సాహం ఏమిటంటే, షిఫ్టు ముగించుకుని వచ్చి ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. ఆ శాలువా ఇప్పటికీ మా బీరువాలో పై అరలో ఉంది. చలికాలం వస్తే ఉతికి ఆరేసేది నేనే.

చొక్కా తీగ మీద వేసి చెరువు కట్ట మీదికి నడిచాను. సెల్‌కు సిగ్నల్ అక్కడే దొరుకుతుంది. కుమారస్వామి సారుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. తూము పూర్తిగా తీస్తే ఈ ఏటి పిల్లలన్నీ పోతాయని, ఒప్పందం గుర్తుచేయడానికి ఆయనో ఇంకెవరైనా రేపు రావాలని అడిగాను. ఆయన చాలా సౌమ్యుడు. ఆయన సౌమ్యంగా మాట్లాడినప్పుడల్లా నాకు పని పెరుగుతుంది.

"ఇది మీ ఫ్యామిలీ మ్యాటర్ కదమ్మా," అన్నాడు. "ముందు ఇంట్లో సర్దుకో. కావాలంటే నేను జగదీష్‌తో మాట్లాడతాను."

వద్దు సార్ అని పెట్టేశాను. చెట్ల మీద పిల్లలు మేత కోసం గోల చేస్తున్నాయి. కాసేపు అక్కడే కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. నేను పనిచేసే చోట పెద్దమనిషి, నేను కాపురం చేసే చోట పెద్దమనిషి నన్ను పక్కన పెట్టి ఎంత తేలిగ్గా మాట్లాడుకోగలరో తెలిసింది. మధ్యలో నేనెందుకు? వండిపెట్టడానికీ, నీళ్లలో దిగడానికీ.

మా చెరువు కింద చివరి తడికి ఒక కట్టుబాటు ఉంది. ఆ ఏడు మొదటి వంతు ఎవరిదో ఆ ఇంటి మనిషి వచ్చి తూము తీయాలి. తాను ఎంత తీస్తే అంతే, ఆ తడి అందరికీ తిరిగేదాకా ఇంకొకరు ముట్టకూడదు. ఎవరి వంతులో వాళ్ల ఇంటి మనిషి పార పట్టుకుని కాలువ మీద నిలబడాలి. నిలబడ్డ మనిషి ఇష్టం, నీళ్లు తన మడికి తిప్పుకోవచ్చు, పార ఇంకొకరి చేతికిస్తే వాళ్ల మడికి పోతాయి. ఇచ్చాక మళ్లీ అడగకూడదు. ఎండలో గంటల తరబడి కాలువ మీద నిలబడే పని కనుక, ఏ ఇంట్లోనైనా అది ఆడవాళ్ల మీదే పడుతుంది. మా ఇంట్లో మా మామ బతికున్నప్పటి నుంచీ మా అత్త నిలబడింది. నేను కాపురానికి వచ్చాక నేను. జగదీష్‌కు ఎప్పుడూ షిఫ్టే. ఈ ఏడు మొదటి వంతు మాది.

మర్నాడు పొద్దున జగదీష్ మిల్లుకు వెళ్లిపోయాక, పార భుజాన వేసుకుని వెళ్లేసరికి కట్ట మీద రైతులంతా ఉన్నారు. నీళ్ల పంపకం చూసే మంగయ్య నన్ను చూసి లేచాడు. నీరటి సీతయ్య షట్టరు తిప్పే ఇనుప హ్యాండిల్ తెచ్చి నా చేతికిచ్చాడు.

"రా బిడ్డా, నీకోసమే ఆగినం. పూరా తిప్పు," అన్నాడు మంగయ్య.

"ఎర్రగుర్తుకు సరిపోయేంతే తీస్త, పెద్దయ్యా. రాయి ఇవతలి పొలాలకు ఒక్క తడి అందుతది. అంతకు మించి తియ్యను."

"జగదీష్ సరే అన్నడు గద."

"ఒప్పందం చేసుకున్నది నాతోని."

మంగయ్య నవ్వాడు. వెక్కిరింపు లేదు ఆ నవ్వులో, చిన్నపిల్లకు సర్దిచెప్పే నవ్వు. "నీతోని కాదు బిడ్డా," అన్నాడు. "మీటింగుల నువ్వు చెప్పినవ్, మేం విన్నం. మీటింగు అయినంక జగదీష్ తోని కూసొని మాట్లాడుకున్నం. రెండేండ్లు ఊకుండున్రి, సంస్థోళ్లు కట్ట, తూము బాగు చేసి పోతరు, తర్వాత మన చెరువు మనదే అన్నడు. ఆయన మాట మీద ఊకున్నం. నీ మాట మీద గాదు."

చుట్టూ చూశాను. ఒక్కరూ తల దించుకోలేదు. దాచాల్సిన విషయమేదో బయటపడిందని ఎవరికీ అనిపించలేదు. అందరికీ తెలుసు, నాకు తప్ప. రెండేళ్లు నేను గొంతు పోయేలా చెప్పింది వాళ్లకు ఒక ఆటవిడుపు. అసలు మాట ప్రతిసారీ నేను ఇంటికి వెళ్లి పొయ్యి వెలిగించాక జరిగింది. రైతులు ఒప్పుకున్నారని ఇంటికొచ్చి గంతులేసిన రోజున జగదీష్ ఎంత నెమ్మదిగా నవ్వాడు! నా పని చూసి మురిసిపోతున్నాడనుకున్నాను. నా పట్టుదలను వాడుకుని తన పొలానికి తూము కట్టించుకున్నాడు. నాకు భర్త అడ్డం పడి ఉంటే పోరాడేదాన్ని. ఈయన అడ్డం పడలేదు, నా వెనక నిలబడి నా నోటితోనే తన అబద్ధం చెప్పించాడు. ఛీ అనిపించింది. ఆయన మీద అనిపించింది, శాలువా కప్పిన వాళ్ల మీద అనిపించింది, ఒక ఆడమనిషి మాట ఆమె మొగుడి దగ్గర ముద్ర వేయించుకుంటే తప్ప చెల్లదనుకునే ఈ కట్ట మీది అందరి మీదా అనిపించింది.

అప్పుడు వెంకమ్మ ముందుకొచ్చింది. "నా ఎకరం పొట్ట మీదున్నది," అంది. "నీ మొగుడే ఏసుకోమన్నడు. ఇప్పుడు నువ్వు తియ్యనంటే నేనేం తినాలె?"

మా వరి ఎండితే మా ఇంటికి మిల్లు జీతం ఉంది. ఆమెకు ఆ ఎకరమే. నేను వద్దని చెప్పిన మాట నిజమే. ఆ మాటకు విలువ లేకుండా చేసింది మా ఇల్లే.

హ్యాండిల్ షట్టరుకు తగిలించి తిప్పాను. నీళ్లు కాలువలోకి దూకాయి. ఎర్రగుర్తుకు సరిపడా షట్టరు లేచాక ఆపి, హ్యాండిల్ తీసి సీతయ్య చేతికిచ్చేశాను. కట్టుబాటు ప్రకారం ఇక ఈ తడికి అంతే. ఎవరో వెనక నుంచి గొణిగారు, సీతయ్య మాత్రం హ్యాండిల్‌ను గోనెసంచిలో చుట్టుకున్నాడు. కట్ట దిగి కాలువ దగ్గరికి వచ్చాను. రాయి ఇవతల మాకు ఎకరం ఉంది, న్యాయంగా తడి రావలసిన ఎకరం. దాని మడి దగ్గర నిలబడి పార వెంకమ్మకు చాచాను.

"మా వంతు నువ్వు తీసుకో. రాయి అవతల నీ ఎకరానికి తిప్పుకో. ఈ ఒక్కసారే."

ఆమె పార వైపు చూసింది గానీ ముట్టుకోలేదు. మంగయ్య వెనకే దిగి వచ్చాడు. "అవతలి రెండెకరాలు ఎట్లనో పాయె. ఇది గూడ ఎండబెడ్తవా? జగదీష్‌ను ఒక్కమాట అడుగు బిడ్డా."

"పార ఎవరి చేతిల ఉన్నది, పెద్దయ్యా?" అన్నాను.

ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చాడు. కట్టుబాటు ఆయనకు నాకంటే బాగా తెలుసు. వెంకమ్మ పార తీసుకుంది. గబగబా మా మడికి అడ్డం మట్టి వేసి, నీళ్లను కిందికి పోనిచ్చింది. మా ఎకరం పక్క నుంచే నీళ్లు పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ వరి నాట్లలో నా చేయీ ఉంది. అయినా ఆపమనలేదు.

షిఫ్టు దిగి బస్టాండులోనే విన్నట్టున్నాడు, జగదీష్ చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు. ఎవర్నడిగి ఇచ్చినవ్ అన్నాడు. నా పొలం అన్నాడు. పది మందిలో పరువు తీశావన్నాడు. మీ నాన్న దగ్గరికి పంపిస్తానన్నాడు. నేను ఒకటే అడిగాను, రెండేళ్లు వాళ్లతో ఏం చెప్పావని. దాంతో ఆయన గొంతు ఇంకా పెరిగింది.

"జనం నీ మాట విన్నరంటే నా పేరు ఉండబట్టి," అన్నాడు. "ఇగ బయట నా పేరెత్తకు. చూద్దాం ఎవడు వింటడో."

మా అత్త తలుపు పక్కన కూర్చుని ఇదంతా వింటోంది. పొలం నిజానికి ఆమెది, మామ పోయాక పట్టా ఆమె పేరున మారింది. ఆ సంగతి ఆమెతో సహా ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టే హక్కు ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే ఉంది. కొడుకు స్నానానికి వెళ్లాక, "వెంకమ్మ మడి మొత్తం తడిసిందా?" అని మాత్రం అడిగింది. తడిసిందన్నాను. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

ఆయన బెదిరింపుగా అన్న మాటనే పట్టుకుని కూర్చున్నాను ఆ సాయంత్రమంతా. ఆయన పేరు లేకుండా ఎవడు వింటాడో చూడాలట. నాకూ అదే చూడాలని ఉంది. ఈ తడి అందరికీ తిరగడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది. ఆ తర్వాత షట్టరు మూస్తారో, పూర్తిగా తీస్తారో తేలుతుంది. కొంగపిల్లల ప్రాణం ఆ రోజు మీద ఉంది. జగదీష్ చేసిన ఒప్పందం ఎట్లాగూ అబద్ధం. నా ఒప్పందం ఇంకా మొదలే కాలేదు. మొదలుపెట్టాలి. ఈసారి కట్ట మీద మీటింగు కాదు, గడప గడపకూ వెళ్లి అడగాలి. కిందటిసారీ కొన్ని ఇళ్లకు వెళ్లాను, మీటింగుకు పిలవడానికి. ఇంట్లో ఎవరున్నారని కేకేస్తే, పొలం నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్న ఆడమనిషి తలుపులో నిలబడి "ఎవరూ లేరు" అనేది. నేను సరే అని వచ్చేసేదాన్ని.

మర్నాడు జగదీష్‌కు సెలవు. వసారాలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. నేను స్నానం చేసి, ప్రాజెక్టు సంచి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని వాకిట్లోకి దిగాను. వీధిలోకి నాలుగడుగులు వేసి ఆగాను. రాయి దాటిన మొదటి ఇల్లు ఏదో నాకు తెలుసు. వెనక్కి తిరిగి మా వాకిలి ముందు, బయటే నిలబడ్డాను. పక్కింటివాళ్లు చూస్తున్నారు. జగదీష్ అద్దంలోంచి చూస్తున్నాడు, సగం ముఖం నురగతో.

"నల్లచెరువు ప్రాజెక్టు నుంచి వచ్చిన," అన్నాను గట్టిగా. "ఈ ఇంట్ల రైతు ఎవరు?"

జగదీష్ గడ్డం కత్తి పక్కన పెట్టి లేవబోయాడు. అప్పటికే మా అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆయన ముందు నుంచి నడిచి గడప దాటి వచ్చింది.

"నేనే," అంది. "కూసో. ఏం నీళ్లో, ఎన్ని దినాలో, మొదటి నుంచి చెప్పు."